రైతు వేదికలో మైకు పట్టుకుంటే గొంతు పూడుకుపోతోంది, నలుగురిలో మాట్లాడటం ఎలా నేర్చుకోవాలి?

కొత్త ఏఈవో

అందరికీ నమస్తే. నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏఈవోగా (వ్యవసాయ విస్తరణ అధికారిగా) చేస్తున్నాను, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. బీఎస్సీ అగ్రికల్చర్ చదివాను, పంటల సంగతి తెలియక వచ్చిన భయం కాదు ఇది. చేను గట్టు మీద నిలబడి ఒక్క రైతుతో మాట్లాడమంటే గంటసేపైనా మాట్లాడతాను. అదే రైతు ఇంకో నలభై మందితో కలిసి మా రైతుల మీటింగ్ హాలు రైతు వేదికలో కూర్చుని నా వైపు చూస్తే నోరు ఎండిపోతుంది, మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతుంది, వచ్చిన మాట కూడా మధ్యలో ఆగిపోతుంది.

పోయిన వారం పత్తిలో గులాబీ రంగు పురుగు మీద మీటింగ్ పెట్టాం. ముందు రోజు రాత్రి పన్నెండు దాకా కూర్చుని నాలుగు పేజీలు రాసుకున్నాను. మొదటి పేజీ చదువుతుండగానే వెనక నుంచి ఒక పెద్దాయన లేచి "పురుగు సంగతి తర్వాత చూద్దాం, నాకు రైతు భరోసా పైసలు ఎందుకు పడలేదో చెప్పు" అన్నాడు. ఆయన వెంటే ఇంకో ముగ్గురు లేచారు. ఏం చెప్పాలో తోచక తల దించుకుని రెండో పేజీ చదవడం మొదలుపెట్టాను. తలెత్తి చూసేసరికి సగం మంది బయటికి వెళ్లిపోయారు. పక్కనున్న సార్ మైకు తీసుకుని మిగతాది నడిపించారు. ఇంటికి వచ్చి చాలా ఏడ్చాను. ఆ రోజు నేను చెప్పాలనుకున్నది వాళ్లకు నిజంగా అవసరమైన విషయం. ఇప్పుడు చేలో లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) కట్టకపోతే నెల పోయాక కాయ పగలగొట్టి చూసి బాధపడటమే మిగులుతుంది.

ఇంకోటి కూడా ఉంది. నా వయసు 25. "నువ్వు మా చిన్నబిడ్డ కంటే చిన్నదానివి, నీకేం తెలుసు బిడ్డా" అని నవ్వుతూనే అంటారు, ఆ తర్వాత వెళ్లి మందుల షాపాయన చేతిలో పెట్టిన డబ్బా తెచ్చి కొడతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, కానీ నా మాట వాళ్ల దాకా ఎట్లా చేరాలో తెలియడం లేదు. హైదరాబాద్‌లో కోర్సులు చూశాను, అన్నీ ఇంటర్వ్యూల కోసం, ఇంగ్లీషు కోసం. నేను మాట్లాడాల్సింది తెలుగులో, మా ఊళ్ల రైతుల ముందు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఎంత పెద్దగా రాసినా చదువుతాను.

రిటైర్డ్ ఏవో, నల్గొండ

అమ్మా, గట్టు మీద గంట మాట్లాడే మనిషికి మాట్లాడటం రాదంటే నేను ఒప్పుకోను. ఆ రోజు నువ్వు చేసింది కాగితం చదవడం, కాగితం ఎవరు చదివినా జనం వినరు. నీ నాలుగు పేజీల్లో ఏముందో చూడకుండానే చెప్పగలను: గుడ్డు దశ, లార్వా దశ, కోశస్థ దశ, ఆర్థిక నష్ట పరిమితి, తర్వాత ఓ ఆరు మందుల పేర్లు, లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు. వ్యవసాయ అధికారిగా ఉద్యోగంలో మొదటి రెండేళ్లు నేనూ అదే చెప్పాను. పరీక్ష రాసిన చెయ్యి కదా, అన్నీ చెప్పకపోతే మార్కులు పోతాయన్నట్టు ఉంటుంది.

ఒక మీటింగ్‌కి ఒక్క పనే పెట్టుకో. రైతు ఇంటికి వెళ్లాక చెయ్యాల్సిన పని ఏమిటో ముందు నువ్వు తేల్చుకో, మిగతాదంతా వదిలెయ్. గులాబీ పురుగు విషయంలో అది ఇంతే: "ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు కట్టండి, పొద్దున్నే వెళ్లి ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టండి, బుట్టకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రోజులు పడితే నాకు ఫోన్ చెయ్యండి." ఏ మందు ఎంత కలపాలో ఆ ఫోన్‌లో చెప్పొచ్చు, అప్పుడైతే వాళ్లు రాసుకుంటారు కూడా.

రెండోది, ఖాళీ చేతులతో వెళ్లొద్దు. మీటింగ్ రోజు పొద్దున్నే ఆ ఊళ్లోనే ఒక పత్తి చేనుకు వెళ్లి, ఆ రైతును అడిగి పది గుడ్డి పూలు కోసుకుని పో. రేకులు విచ్చుకోకుండా ముడుచుకుపోయి ఉంటాయే, అవి. వెళ్లగానే తలా ఒకటి ముందు వరసలో చేతిలో పెట్టి విప్పి చూడమను. లోపల పురుగు కనపడిన క్షణంలో ఆ హాల్లో ఏమవుతుందో నువ్వే చూస్తావు. నలభై తలలు వంగుతాయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెడతారు, "నా చేల గూడ ఇట్లనే ఉన్నయి" అంటారు. ఆ గోలను ఆపకు, మీటింగ్ అంటే అదే. అందరి చూపూ నీ మీద నుంచి పువ్వు మీదికి పోతుంది కాబట్టి నీ చేతి వణుకు కూడా తగ్గుతుంది, ఇది నేను అనుభవంతో చెప్తున్నాను.

మాటల సంగతి. మా వైపు వరిలో మొగి పురుగు అంటారు, మన పుస్తకంలో కాండం తొలిచే పురుగు అని ఉంటుంది. రెండూ ఒకటే అని రైతుకు ఎవరూ చెప్పరు, తనకు రాని పురుగేదో కొత్తగా వచ్చిందనుకుంటాడు. ఏ ఊళ్లో దేన్ని ఏమంటారో మీటింగ్‌కు ముందే ఇద్దరిని అడిగి తెలుసుకో.

ఇక షాపాయన గురించి. ఆయన బాగా మాట్లాడతాడని రైతులు ఆయన దగ్గరికి వెళ్లడం లేదు తల్లీ. ఆయన ఉద్దెర ఇస్తాడు, పంట అమ్మాక కట్టమంటాడు. నువ్వు ఆ పని చెయ్యలేవు. అందుకని ఆయనతో పోటీ పెట్టుకోకుండా, మందు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసివ్వు, "ఇదే అడగండి, బిల్లు తీసుకోండి" అని చెప్పు. ఆ చీటీ జేబులో పెట్టుకున్న రైతు నీ మాట విన్నట్టే. వయసు గురించి ఎవరైనా అంటే నీ చదువు చెప్పుకోకు. "ఈ ఏడు మీ చేలో పూత ఎప్పుడు మొదలైంది పెద్దనాన్నా" అని అడుగు. ఆయన చెప్తుంటే రాసుకో. తను చెప్పింది రాసుకున్న మనిషిని చిన్నపిల్ల అని తీసెయ్యడం ఎవరి వల్లా కాదు.

హైటెక్ సిటీ నుంచి

మేడం, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రైతుల గురించి పై సార్ చెప్పినంత నాకు తెలియదు, కానీ ఆ వణుకు బాగా తెలుసు. మూడేళ్లుగా టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌కు వెళ్తున్నాను. 1924లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా క్లబ్బులు ఉన్నాయి. అక్కడ పాఠాలు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, సభ్యులే మాట్లాడతారు, సభ్యులే వింటారు. అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. టైమ్ చూసే ఆయన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కార్డులు చూపిస్తుంటాడు. "ఆ... ఊ..." అని ఎన్నిసార్లు సాగదీశామో లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటారు. చివర్లో ఇంకొకరు లేచి మనం ఏది బాగా చెప్పామో, ఏది మార్చుకోవాలో రెండు మూడు నిమిషాల్లో చెప్తారు. నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆ చివరిదే, ఎందుకంటే మన గురించి మనం అనుకునేదానికీ ఎదుటివాళ్లకు కనిపించేదానికీ చాలా తేడా ఉంటుంది. నేను గజగజ వణికిపోయాననుకున్న రోజున "చాలా నిదానంగా చెప్పావు" అన్నారు.

మీకు క్లబ్ దొరకకపోతే ఫోన్ చాలు. రోజూ ఒక రైతు అడిగిన ఒక్క ప్రశ్న తీసుకుని రెండు నిమిషాలు నిలబడి జవాబు చెప్తూ రికార్డ్ చెయ్యండి. మన గొంతు మనకే నచ్చదు, అయినా వినండి. నేను ప్రతి వాక్యానికీ ముందు "అంటే" అంటానని విన్నాకే తెలిసింది. అది తీసేసి ఆ చోట ఊరికే ఆగడం నేర్చుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆగితే మనకు యుగంలా అనిపిస్తుంది గానీ వినేవాళ్లకు అది ఊపిరి తీసుకున్నంతసేపే.

ఒక విషయంలో పై సార్‌తో నాది వేరే అభిప్రాయం. కాగితం మొత్తం వద్దు, నిజమే, కానీ మొదటి మూడు వాక్యాలు మాత్రం బట్టీ పట్టండి. భయమంతా మొదటి నిమిషంలోనే, అప్పుడు బుర్ర పనిచెయ్యదు, నోటికి వచ్చినవి ఉంటే అవి మనల్ని దాటిస్తాయి. లేవడానికి ముందు గాలి నెమ్మదిగా, పూర్తిగా బయటికి వదలండి, పీల్చడం దానంతటదే జరుగుతుంది. మైకును గడ్డం కింద నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి, స్పీకర్ బాక్సు ముందు నిలబడితే కూత పెడుతుంది. చిన్న విషయాలే గానీ ఆ కూతకే నేను ఒకసారి చెప్పేదంతా మర్చిపోయాను.

తెలుగు మాస్టారు, ఒంగోలు

అమ్మాయీ, నువ్వు చెప్పిన ఆ పెద్దాయన మధ్యలో లేచి అడగడం చదవగానే నాకు అష్టావధానం గుర్తొచ్చింది. అందులో అవధానిని ప్రశ్నలు అడిగే ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం. అవధాని ఒకవైపు సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి లాంటి చిక్కు ప్రశ్నలు మనసులో పెట్టుకుని పద్యాలు కడుతుంటే, ఈయన మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. అవధాని విసుక్కోకూడదు, విననట్టు ఊరుకోనూ కూడదు. నవ్వుతూ ఒక్క మాటలో జవాబిచ్చి ఆగిన పాదం దగ్గరికే తిరిగి రావాలి. తిరుపతి వేంకట కవుల కాలం నుంచి సభలు ఆ ఘట్టం కోసమే ఎదురుచూస్తున్నాయి. నీకు కావలసింది కూడా అదే, తిరిగి రావడానికి ఒక చోటు. "ఒక్క పని" అని పై ఆయన చెప్పారే, అది మనసులో స్థిరంగా ఉంటే ఎవరు ఎటు లాగినా వెనక్కి రాగలవు. నాలుగు పేజీలు ఉంటే ఎక్కడికి రావాలో తెలియదు.

ఇంకో మాట, గొంతు కోసం రోజూ నీకు నచ్చిన పద్యం ఒకటి పైకి చదువు. సీస పద్యం అయితే మరీ మంచిది, పాదం పెద్దది కాబట్టి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అదే నేర్పుతుంది. నా విద్యార్థుల్లో నోరు విప్పని పిల్లలకు ముందు ఇదే చెప్తాను.

సంఘం లీడర్, నెల్లూరు జిల్లా

మాస్టారు గారూ, మీరు పెద్దవారు, తప్పుగా అనుకోకండి. డబ్బులు పడని మనిషికి అది అప్రస్తుతం కాదండీ. ఆయనకు ఆ రోజు అంతకంటే పెద్ద విషయం ఇంకోటి లేదు. నవ్వుతూ ఒక్క మాటలో జవాబిచ్చి పురుగు దగ్గరికి వెళ్లిపోతే, ఆయన మర్నాడు అందరికీ చెప్పేది "అడిగితే నవ్వింది" అని.

అమ్మా ఏఈవో, నేను పదో తరగతి కూడా చదవలేదు. పొదుపు సంఘంలో చేరిన కొత్తల్లో నా పేరు చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు మండల సమాఖ్య మీటింగ్‌లో మూడు వందల మంది ముందు మాట్లాడతాను, బ్యాంకు మేనేజర్ ఎదురుగా కూర్చుని లోన్ సంగతి అడుగుతాను. ఎట్లా వచ్చిందంటే మెల్లమెల్లగా వచ్చింది. సంఘంలో పదిమంది, చాప మీద గుండ్రంగా కూర్చుంటాం, ఎవరూ పైన ఉండరు. ప్రతి మీటింగ్‌లో ప్రతి ఒక్కరూ ఒక్క మాటైనా చెప్పాలి, అది మా కట్టుబాటు. ముందు పేరు, తర్వాత కట్టిన పొదుపు ఎంతో, ఆ తర్వాత ఇంట్లో కష్టం. పదిమందిలో నోరు తిరిగితే ఊరి సంఘంలో యాభై మందికి భయం ఉండదు. నువ్వు ఒక్కరి నుంచి ఒక్కసారిగా నలభైకి దూకావు. మధ్యలో మెట్లు పెట్టుకో. టీ కొట్టు దగ్గర ఐదుగురు, ట్రాక్టర్ దగ్గర ఎనిమిది మంది, గుడి అరుగు మీద పన్నెండు మంది. మైకు లేకుండా, కూర్చునే మాట్లాడు.

ఆ డబ్బుల మనిషి గురించి నేనైతే ఏం చేస్తానో చెప్తాను. ముందు ఆగుతాను. ఆయన చెప్పేది పూర్తిగా వింటాను, మధ్యలో అందుకోను. "పెద్దాయనా, నీ పేరు, సర్వే నంబరు చెప్పు" అని అందరి ముందే పుస్తకంలో రాస్తాను. "నా చేతిలో లేని పని ఇది, కానీ ఎక్కడ ఆగిందో కనుక్కుని గురువారం నీ ఇంటికే వచ్చి చెప్తాను, ఇంకెవరికైనా ఇదే ఇబ్బంది ఉంటే మీటింగ్ అయ్యాక అందరివీ రాసుకుంటాను" అంటాను. ఆ గురువారం తప్పకుండా వెళ్తాను. పని కాకపోయినా వెళ్తాను. అది చెయ్యకపోతే పైన చెప్పిన పువ్వులూ, పద్యాలూ, మైకూ ఏవీ పనికిరావు.

ఇంకోటి సంఘంలోనే నేర్చుకున్నాను. వాయిదా కట్టని ఆమెను పదిమందిలో "ఎందుకు కట్టలేదు" అని అడిగితే ఆమె మళ్లీ మీటింగ్‌కు రాదు. ఒక్కతే ఉన్నప్పుడు ఇంటికి వెళ్లి పక్కన కూర్చోవాలి, డబ్బు మాట ఎత్తకముందు పిల్లల సంగతి అడగాలి, చాలాసార్లు ఆమే చెప్తుంది. మీ రైతుల్లో కూడా ఎవరైనా తప్పు మందు కొట్టి ఉంటే పేరు పెట్టి హాల్లో చెప్పొద్దు. చేనుకు వెళ్లి చెప్పు.

మా జిల్లాలోనే దూబగుంటలో 1992లో సారా వద్దని ఆడవాళ్లు లేచారు. అంతకుముందు వాళ్లెవరూ స్టేజీ ఎక్కినవాళ్లు కారు. రాత్రి బడిలో చదువు నేర్చుకుంటూ పక్కపక్కన కూర్చుని తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్నారు. ఆ తర్వాత కలెక్టర్ల ముందు కూడా మాట్లాడారు. మా అమ్మ ఆ రోజుల గురించి ఇప్పటికీ చెప్తుంది.

జనగామ తమ్ముడు

అక్కా, మా దిక్కు ఒగ్గు కథ చూసే ఉంటవు. పేరున్న ఒగ్గు కథ కళాకారుడు చుక్క సత్తయ్య గారిది మా జిల్లానే. కథ చెప్పే ఆయన ఒక్కడే అంతా చెప్పడు, పక్కన వంత పాడేటోళ్లు ఉంటరు, "అట్లనా, మరి ఏమైంది" అని అడుగుతరు, ఆయన జవాబు చెప్తడు, కథ ముందుకు పోతది. జనం అడగాలనుకున్నది వంతాయన అడుగుతడు. నువ్వు కూడా ఊళ్లో నలుగురూ మాట వినే ఒక రైతును పక్కన నిలబెట్టుకో. బుట్టలు పోయిన ఏడు కట్టినాయన ఉంటే ఆయన్నే పిలువు. "కాకా, బుట్టలు ఎట్ల కట్టినవు, ఎన్ని పురుగులు పడ్డయి" అని నువ్వు అడుగు, ఆయన చెప్తడు. అప్పుడు నువ్వు మాట్లాడేది సగమే, వాళ్లు నమ్మేది మాత్రం మొత్తం. ఇంకా స్టేజీ మీదికి ఎక్కకు అక్కా, కింద కుర్చీల మధ్యల నిలబడు.

కొత్త ఏఈవో

అందరికీ దండాలు. మూడు వారాలైంది, ఏమైందో చెప్పకపోతే బాగుండదని రాస్తున్నాను.

ముందు నెల్లూరు అక్క చెప్పిన పని చేశాను. ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. పాస్‌బుక్ తెప్పించి చూస్తే అందులో పేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంది. ఎక్కడ సరిచేయించుకోవాలో చెప్పి, కావలసిన కాగితాల పేర్లు రాసిచ్చాను. డబ్బులు ఇంకా పడలేదు. కానీ ఆయన అరగంట కూర్చోబెట్టి తన చేను సంగతంతా చెప్పాడు, టీ తాగకుండా వెళ్లనివ్వలేదు.

తర్వాత రెండు చిన్న మీటింగులు మైకు లేకుండా చేశాను, ఒకటి వేపచెట్టు కింద తొమ్మిది మందితో. పోయిన శుక్రవారం మళ్లీ రైతు వేదికలో పెట్టాం. మొదటి మూడు వాక్యాలు బట్టీ పట్టాను, గొంతు రెండు నిమిషాలు వణికింది, తర్వాత తగ్గింది. గుడ్డి పూలు పన్నెండు తీసుకెళ్లాను. మొదటి పువ్వు ఆ పెద్దాయన చేతిలోనే పెట్టాను, ఆయన విప్పి పురుగును వేలి మీద పెట్టుకుని వెనక్కి తిరిగి అందరికీ చూపించాడు. ఆ తర్వాత పది నిమిషాలు నేను మాట్లాడలేదు, వాళ్లే మాట్లాడుకున్నారు. చివర్లో బుట్టల లెక్క ఒక్కటే చెప్పి ఆపేశాను. ఈ వారంలో పదకొండు మంది ఫోన్ చేశారు, ఇద్దరు బుట్టలో పడ్డ పురుగుల ఫొటో పంపించారు. ఒకాయన పంపింది గులాబీ పురుగు కాదు, వేరే రెక్కల పురుగు, రేపు ఆయన చేనుకు వెళ్తున్నాను.

ఇంకో సందేహం. మంగళవారం అధికారులు, శాస్త్రవేత్తలు రైతులతో మాట్లాడే రైతు నేస్తం వీడియో కాన్ఫరెన్స్ అయిపోగానే అందరూ ఒక్కసారిగా లేచిపోతారు. మన ఊరికి సంబంధించిన మాట ఐదు నిమిషాలు చెబుదామంటే ఆగరు. అప్పుడు ఏం చెయ్యాలి?

రిటైర్డ్ ఏవో, నల్గొండ

చాలా సంతోషం తల్లీ. వీడియో అయ్యాక ఆగమని అడగొద్దు, పశువులకు నీళ్లు పెట్టే వేళ అవుతుంది. నీ మాట ముందే చెప్పెయ్. జనం ఒక్కొక్కరే వస్తుంటారు కదా, కాన్ఫరెన్స్ మొదలయ్యేదాకా ఆ పావుగంట నీదే. బుట్ట ఒకటి తలుపు పక్కన మనిషి ఎత్తులో వేలాడదీయి, రాత్రి పడ్డ పురుగులతో సహా. నువ్వు దాని పక్కన నిలబడు. వచ్చే ప్రతి ఒక్కరూ అదేంటని అడుగుతారు.